తువ్వాల కింద గడియారం

రషీద్ భాయ్ ఆ నల్ల గడియారాన్ని అమ్మేస్తున్నాడన్న సంగతి నాకు చెప్పింది మా వదినె నీలవ్వ. నేను ఆలూర్ బడిలో పాఠాలు చెప్పడానికి పోతూ సైకిల్ తుడుచుకుంటున్నాను. ఆమె అరుగు మీద కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతున్నది.

"మీ అన్న గడియారం మాక్లూర్ పోతదట," అన్నది, చాటలోంచి తల ఎత్తకుండా.

"అది అన్నది కాదు గదా వదినె. రషీద్ భాయ్‌ది."

"రెండేండ్లు అన్నం ముందట కూసోని దాని ముచ్చట తప్ప ఇంకోటి చెప్పనోని పెండ్లాన్ని నేను. అదెవరిదో నాకు చెప్తున్నవా?"

నేను సైకిల్ తుడవడంలో పడ్డాను. తుడవాల్సింది అప్పటికే అయిపోయింది.

మా అన్న గంగాదాస్ ఆర్మూర్ గంజ్‌లో, అంటే పసుపు మార్కెట్‌లో, అడ్తిదారు. దొంకేశ్వర్, ఆలూర్ వైపు రైతులు పసుపు తెచ్చి ఆయన దగ్గర కుప్పలు పోసేవారు. ఆయన దాన్ని ఖరీదుదార్లకు అమ్మిపెట్టేవాడు. ఆ ఖరీదుదార్లలో అబ్దుల్ రషీద్ ఒకడు. పొద్దంతా బేరాల్లో కొట్లాడుకొని, సాయంత్రం ఒకే చాయ్‌ని కప్పులో సగం, సాసర్‌లో సగం తాగే స్నేహం వాళ్లది. పోయినేడు చలికాలంలో, ఇంకా పసుపు తవ్వకాలు మొదలుకాకముందే, అన్న చనిపోయాడు. దాని గురించి ఇంతకంటే రాయడం నాకు రాదు. గడియారం గురించి రాయగలను.

రషీద్ భాయ్ అల్లుడు మస్కట్‌లో పనిచేస్తాడు. ఒకసారి సెలవు మీద వస్తూ మామకు ఆ గడియారం తెచ్చాడు. నల్లగా, నీళ్లలో తడిసిన రాయిలా నున్నగా ఉండేది. ఒళ్లూ బెల్టూ అంతా పింగాణీయే. లోపల మూడు చిన్న గుండ్రాలు, వాటికి వేరే సూదులు. పక్కన రెండు బటన్లు. పై బటన్ నొక్కితే నడిమి పెద్ద సూది పరుగెత్తుతుంది. మళ్లీ నొక్కితే ఆగుతుంది. కింది బటన్ నొక్కితే పన్నెండు దగ్గరికి ఎగిరి వచ్చి నిలబడుతుంది. దీన్ని క్రోనోగ్రాఫ్ అంటారని చెప్పి అల్లుడు విమానం ఎక్కాడు. ఆ పేరు గంజ్‌లో ఎవరి నోటా తిరగలేదు. పింగాణీ గడియారం అనే పేరే ఖాయమైంది.

"పింగాణీదంటే చాయ్ కప్పు తీరుగనా సేటూ? కింద పడితే పలుగదా?" అని హమాలీ పోచన్న అడిగాడట.

"నిన్ను లారీ మీదికెల్లి పడేస్తే నువ్వు పలుగవా?" అన్నాడట మా అన్న. "గడియారం పని చేతికుండుడు. పడుడు గాదు."

రషీద్ భాయ్ దాన్ని రెండు రోజులు పెట్టుకొని తీసేశాడు. తనకు అజాన్ వినబడితే టైం తెలుస్తుంది, ఇంకేం కావాలన్నాడు. కాంటా పక్కన గోడకు ఒక మేకు ఉంటే దానికి తగిలించాడు. అమ్ముతావా అని మొదట అడిగింది మా అన్నే.

అన్న ఆశకు కారణం ఉంది. గంజ్‌లో పనిచేసేవాళ్ల గడియారాలు ఎక్కువ కాలం బాగుండవు. పసుపు దుమ్ము బెల్టు సందుల్లోకి దూరి స్టీలు పచ్చబడుతుంది. ఎండిన పసుపు కొమ్ము రాయంత గట్టిది, కుప్పలో చెయ్యి పెట్టి తీసేసరికి అద్దం మీద గీతలు పడతాయి. అన్న అప్పటికి ఎన్ని గడియారాలు పాడుచేశాడో వదినెకు తెలుసు. ఈ నల్లదాన్ని ఆయన మొదట ఒక కొమ్ముతో గీకి చూశాడు. గీత పడలేదు. తర్వాత పసుపు పొడి అద్ది, తువ్వాలతో తుడిచాడు. మళ్లీ నల్లగా బయటికొచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి, చేతులైనా కడుక్కోకుండా నాతో అన్నాడు:

"తమ్మీ, మన గంజ్‌ల పసుపంటనిది ఒక్కటే ఉన్నది. అది రషీద్ గోడకు ఉన్నది."

అప్పటినుంచి బేరం మొదలైంది.

మా గంజ్‌లో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చొని, చేతులు కలిపి, పైన తువ్వాల కప్పుతారు. వేళ్లు పట్టుకుంటే ఒక లెక్క, వేళ్ల కణుపులు నొక్కితే ఒక లెక్క. చుట్టూ పదిమంది నిలబడ్డా, ఏం నడుస్తున్నదో ఆ రెండు చేతులకే తెలుస్తుంది. చెప్పిన ధర నచ్చకపోతే వేరే ధర నొక్కుతారు. అసలు వద్దంటే చెయ్యి వదిలేస్తారు. వదలకుండా, ఏమీ నొక్కకుండా పట్టుకొని ఉంటే ఒప్పుకున్నట్టు. ఇక ఎవరూ వెనక్కి పోవడానికి లేదు, చెప్పినవాడు కూడా. తువ్వాల కింద చెప్పింది తర్వాత బయట చెప్పుకోరు. బేరంలో కూర్చున్నవాళ్లకే ఆ ధర తెలియాలి.

మా అన్నకు ఇందులో ఒక చెడ్డ అలవాటు ఉండేది. తన ధర నొక్కాక, చివర్లో ఎదుటివాడి అరచేతిలో గోటితో గీకేవాడు. కితకితలకు చెయ్యి వదిలేస్తే, "వద్దన్నవ్ గదా, ఇంక లెవ్," అని నవ్వేవాడు. కొత్త ఖరీదుదార్లు రెండు మూడుసార్లు మోసపోయి, తర్వాత పళ్లు బిగబట్టుకొని కూర్చునేవాళ్లు. ఈ లెక్కంతా నాకు చిన్నప్పుడే వచ్చు. మా నాన్న నన్ను ఎక్కాలు అప్పజెప్పమన్నప్పుడు అన్న పక్కన కూర్చొని, బొంత కింద నా చెయ్యి పట్టుకొని జవాబులు అందించేవాడు. అక్కడా చివర్లో ఆ గీకుడు ఉండేది. సరైన జవాబు చెప్పి, ఎందుకు నవ్వానో చెప్పలేక తన్నులు తిన్నాను.

రషీద్ భాయ్‌తో అన్న బేరం రెండేళ్లు సాగింది. రోజూ సాయంత్రం కాంటాలు బందయ్యాక గడియారం మేకు మీంచి దిగేది. అన్న దాన్ని చేతికి పెట్టుకొని, ముందుగా లోపం చెప్పేవాడు.

"రషీద్ భాయ్, ఇది బంద్ పడ్డది. చూడు, పెద్ద సూది కదుల్తలేదు."

బటన్ నొక్కితేగాని ఆ సూది కదలదని ఆయనకు తెలుసు. రషీద్ భాయ్‌కి తెలుసు. అన్నకు తెలుసన్న సంగతి కూడా రషీద్ భాయ్‌కి తెలుసు.

"బంద్ పడ్డదాన్ని ఎందుకు అడుగుతున్నవ్ మరి?"

"పాపం, ఎవరూ తీసుకోరని."

తర్వాత హోటల్ చిన్నన్నను పిలిచి చాయ్ చెప్పి, బటన్ నొక్కేవాడు. చిన్నన్న చాయ్ తెచ్చేసరికి చెయ్యి చాపి చూపించేవాడు. "చూడు చిన్నన్నా, గీ సూది మస్తు సార్లు తిరిగొచ్చింది. నువ్వు ఒక్కసారి రాలె." ఆ తర్వాత తువ్వాల. ఆ తర్వాత నవ్వు. తర్వాత గడియారం మళ్లీ మేకు మీదికి.

ఇప్పుడు మాక్లూర్ భూమేశ్వర్ దాన్ని అడిగాడని వదినె చెప్పింది. ఆయనకు బోర్లు వేసే లారీ ఉంది. ఈ మధ్యాహ్నం వచ్చి తీసుకుపోతాడట.

"నువ్వు తీసుకుంటవా ఏంది?" అన్నది వదినె.

"నాకెందుకు? బడిలో గంట కొడతరు."

"మరి సైకిల్ అరుగుతున్నది, గంతసేపు తుడుస్తున్నవ్."

నాకు గడియారం అక్కర్లేదన్నది నిజం. నాకు కావాల్సింది వేరు. అన్న చివరిసారి తువ్వాల కింద ఏం చెప్పాడో తెలుసుకోవాలి. అన్న నాతో చివరగా చెప్పిన మాట చాలా మామూలుది, తలుపు గడియ గురించి. రషీద్ భాయ్‌తో మాత్రం ఆ సాయంత్రం కూడా బేరం నడిచింది. ఆ చివరి మాట రషీద్ భాయ్ చేతిలో ఉండిపోయింది. గడియారం మాక్లూర్ పోతే ఆ బేరం ముగిసినట్టే, ఇక దాన్ని అడగడానికి దారి ఉండదు.

వదినెకు ఇదంతా నేను చెప్పలేదు. కానీ నేను గేటు దాటుతుంటే ఆమె వెనకనుంచి అన్నది: "అడిగి రా. కొనకు. ఆయన కూడా కొనేటోడు గాదు."

"ఎందుకు?"

"నేను గిట్లనే అడిగిన. కొంటే బేరం అయిపోతది గదనే అన్నడు."

ఒంటిపూట బడులు నడుస్తున్న రోజులు. ఆలూర్ నుంచి తిరిగి వచ్చేసరికి ఎండ నడినెత్తి దాటింది. సైకిల్ గంజ్ గోడకు ఆనించి లోపలికి నడిచాను. కుప్పల మధ్య దారిలో పసుపు దుమ్ము లేచి తుమ్ము వచ్చింది. అన్న పోయాక నేను గంజ్‌లోకి రావడం అదే మొదలు. పోచన్న బస్తా దించి, నన్ను చూసి, ఏదో అనబోయి, "సార్, ఎండ మస్తు కొడుతుంది గదా," అన్నాడు.

రషీద్ భాయ్ గద్దె మీద కూర్చొని పంకా వైపు గడ్డం ఎత్తి ఉన్నాడు. మేకు మీద గడియారం ఉంది.

"ఆయియే తుకారాం సార్, కూసో. చిన్నన్నా, రెండు చాయ్!"

చాయ్ వెంటనే వచ్చింది. అంత వేగానికి నేను ఆశ్చర్యపోవడం చూసి చిన్నన్న అన్నాడు: "ఇప్పుడు టైం చూసెటోడు లేడు గదా సార్. అందుకే జల్ది తెస్తున్న."

రషీద్ భాయ్ తన చాయ్‌లో సగం సాసర్‌లో పోసి, అలవాటుగా పక్కకు జరిపి, మళ్లీ తన వైపు లాక్కున్నాడు.

"అమ్ముతున్నవట," అన్నాను.

"ఏం జేస్త సార్? మేకుకు ఉంటే మీ అన్న లేచి తీస్తడు, తీస్తడనే అనిపిస్తది. ఒక్క దినం మరిచిపోయి, ఏం గంగాదాస్, సూది కదుల్తలేదా అని గూడ అన్న. పోచన్న నవ్విండు. నవ్వి, మళ్ల బయటికి పోయిండు. జర కండ్లముందట లేకుంటే మంచిదనుకున్న."

నేను చాయ్ తాగాను. అడగాల్సింది అడిగాను.

"చివరికి అన్న ఎంతన్నడు భాయ్?"

రషీద్ భాయ్ కళ్లు పెద్దవయ్యాయి. "సార్! పిల్లలకు చదువు చెప్తవ్, గిట్ల అడగవచ్చునా? తువ్వాల కిందిది నోట్లెకు రాదు. ఇంట్ల గూడ చెప్పలె నేను."

"నేను తమ్మున్ని గదా."

"తమ్మునివే. ఎవలు కాదన్నరు? బేరంల కూసున్నోనివి గాదు."

"అయితే కూసుంట," అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు. నేను గద్దె మీదికి జరిగి ఎదురుగా కూర్చున్నాను. అప్పుడే బయట జీపు ఆగింది. భూమేశ్వర్ వచ్చాడు. మంచి ఎత్తు, బోరు మిషను చప్పుడుకు అలవాటు పడి గట్టిగా మాట్లాడే మనిషి.

"ఏం రషీద్ సేటూ, మాల్ తయారేనా?" అంటూ మేకు మీది గడియారం తీసి చేతికి పెట్టుకున్నాడు. ఒకసారి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మొహం మారింది. "అరే, ఇది బంద్ పడ్డది గదా! పెద్ద సూది కదుల్తలేదు!"

రషీద్ భాయ్ నా వైపు చూశాడు. ఇద్దరం నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి కష్టపడ్డాం.

"బటన్ నొక్కు," అన్నాడు రషీద్ భాయ్.

సూది పరుగెత్తింది. భూమేశ్వర్ మొహం వెలిగింది. "గిదే గావాలె నాకు. బోరు మొదలుపెట్టినప్పుడు నొక్కుత. ఎంతసేపట్ల నీళ్లు తీసిన్నో రైతుకు చూపిస్త."

"నీళ్లు పడకుంటే?"

"పడకుంటే నొక్కలేదంట. మర్చిపోయిన్నంట. ఇంక ధర చెప్పు సేటూ, మాక్లూర్‌ల మిషను ఎండలున్నది."

"జర ఆగు భూమేశ్వర్. సార్ ముందుగాల కూసున్నడు. ఒగల చెయ్యి ఉండంగ ఇంకోల చెయ్యి పెట్టుడుందా?"

భూమేశ్వర్ కూడా పసుపు పండించే ఇంటివాడే. ఆ రివాజు కాదనలేక, గడియారం గద్దె మీద పెట్టి, బస్తా మీద కూర్చున్నాడు. పోచన్న వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. చిన్నన్న ఖాళీ కప్పుల కోసం వచ్చి అక్కడే ఉండిపోయాడు.

రషీద్ భాయ్ భుజం మీది తువ్వాల తీశాడు. నా కుడిచెయ్యి పట్టుకొని పైన కప్పాడు.

ముందు నేను ఒక ధర నొక్కాను. ఏదో తోచింది.

"ఏం సార్," అన్నాడు రషీద్ భాయ్, "గడియారం అడుగుతున్నవా, చిన్నన్న కప్పు అడుగుతున్నవా?"

అందరూ నవ్వారు. ఆయన తన ధర నొక్కాడు. నేను తల అడ్డంగా ఊపి కొంచెం పెంచాను. ఆయన కొంచెం దిగాడు. లెక్క నాకు ఇంకా గుర్తుందని ఆయనకు అప్పుడు తెలిసినట్టుంది, నన్ను కొత్తగా చూశాడు. నేను ఇంకొంచెం పెంచాను. పంకా తిరుగుతున్నది. బయట ఎవరో కాంటా మీద బస్తా వేసిన చప్పుడు.

ఆయన మళ్లీ నొక్కడం మొదలుపెట్టాడు. ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్క వేలూ వెతుక్కుంటూ, మరొకరి మాటను తప్పు పోకుండా అప్పజెప్పుతున్నట్టు. చాలా తక్కువ ధర. అది చెప్పాక, నా అరచేతిలో గోటితో గీకాడు.

ఆ ధర ఎంతో ఇక్కడ రాయను. తువ్వాల కిందిది.

నాకు తెలిసిందల్లా, నా చెయ్యి ఆ చేతిని వదల్లేదు. వదలాలన్న ఆలోచన రాలేదు. వేరే ధర నొక్కాలన్న ఆలోచనా రాలేదు. తువ్వాల అంచున ఒక పసుపు మరక ఉంటే దాన్ని చూస్తూ కూర్చున్నాను.

"ఏమాయె?" అన్నాడు భూమేశ్వర్.

పోచన్న తలుపు దగ్గరనుంచి వచ్చి తువ్వాల మీదికి వంగి చూశాడు.

"సారు చెయ్యి ఇడుస్తలేడు," అన్నాడు పోచన్న మెల్లగా.

"ఇడుస్తలేడు, నొక్కుతలేడు. అంటే పట్టిండు!" భూమేశ్వర్ లేచి నిలబడ్డాడు. "సేటూ, బేరం అయిందా?"

రషీద్ భాయ్ ముఖంలో కలవరం చూశాను. ఆయన ముందుకు వంగి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు: "సార్, అది నా ధర గాదు. నువ్వడిగిన ముచ్చట చెప్పిన, గంతే. చెయ్యి ఇడువు."

తర్వాత బయటికి అన్నాడు: "అరే, సార్‌కు మన రివాజు తెల్వది. బడి మనిషి. ఇది లెక్కల రాదు."

ఆయన నాకు దారి ఇచ్చాడు. తనకు కూడా.

"తెలుసు," అన్నాను.

మళ్లీ అన్నాను. "రివాజు తెలుసు భాయ్."

"తెలుసంటున్నడు గదా!" భూమేశ్వర్‌కు గడియారం పోతున్నదన్న బాధకంటే న్యాయం చెప్పే అవకాశం దొరికిన సంతోషమే ఎక్కువైంది. "ధర చెప్పింది నీ చెయ్యే గదా సేటూ? పట్టినంక మాట మారుస్తవా? రేపు నీ తాన పసుపెవలు పోస్తరు?"

రషీద్ భాయ్ రెండేళ్లు ఒప్పుకోని అన్న ధర అది. రోజూ సాయంత్రం తల అడ్డంగా ఊపి, నవ్వి, మేకుకు తగిలించిన ధర. ఇప్పుడు తన వేళ్లతో తానే చెప్పాడు, నలుగురి ముందు. ఆయన మేకు వైపు చూశాడు. మెల్లగా భుజాలు కదలడం మొదలైంది. మొదట ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు.

"గంగాదాస్," అన్నాడు, "గెలిచినవ్ రా బద్మాష్. పోయి గూడ గెలిచినవ్."

తువ్వాల తీశాడు. మా చేతులు రెండూ చెమటతో తడిసి ఉన్నాయి. చిన్నన్న ఎవరూ చెప్పకుండానే అందరికీ చాయ్ తెచ్చాడు. భూమేశ్వర్ కూడా తాగాడు, మస్కట్ నుంచి అల్లుడు ఈసారి వచ్చేటప్పుడు అలాంటిదే ఇంకొకటి తేవాలని రషీద్ భాయ్‌తో మాట తీసుకొని, జీపు ఎక్కాడు.

గడియారం నా చేతికి పెట్టింది రషీద్ భాయే. చెయ్యి కొంచెం ఎత్తగానే అది జారి మోచేతి దాకా పోయింది.

"అన్నకు సరిగ్గుంటుండె," అన్నాను.

"ఆయన చెయ్యి చెయ్యా? తెడ్డు. నీది సుద్దముక్క పట్టే చెయ్యి. ముక్కలు తీయాలె బెల్టుకు. తీసే సామాను నా తాననే ఉన్నది, అల్లుడు ఇచ్చిపోయిండు." ఆగి, గడ్డం గోక్కున్నాడు. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "కాని అది వేరే బేరం. ఇయ్యాల మోసపోయిన. రేపు రా."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వదినె అరుగు మీదే ఉంది. నా చెయ్యి చూసింది.

"కొనకన్న గదా."

"కొనలేదు వదినె. చెయ్యి ఇడువలే."

ఆమెకు అంతకంటే చెప్పనవసరం లేకపోయింది, ఆ ఇంట్లో అన్ని ఏళ్లు ఉన్న మనిషి. కొంగుతో అద్దం తుడిచింది, తుడవాల్సింది ఏమీ లేకపోయినా. ఒంగి చూసింది.

"గీ పెద్ద సూది కదుల్తలేదేంది?"

"బంద్ పడ్డది," అన్నాను.

ఆమె పెదవి బిగించింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. లోటా చప్పుడైంది. మళ్లీ వచ్చేసరికి ముఖం కడుక్కొని ఉంది.

"ఇంక అయిపోయె బేరం," అన్నది.

"అయిపోలే. చూడు." చెయ్యి పైకెత్తాను. గడియారం జారి మోచేతికి తగిలింది. "ముక్కలు తీయాలెనట. రేపు రమ్మన్నడు. దానికి వేరే బేరమట."

వదినె నవ్వింది. ఆ ఇంట్లో ఆ నవ్వు విని ఏడాది దాటింది. తర్వాత, నేను చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు నా చెయ్యి పట్టుకొని నడిపించినట్టే, నా చెయ్యి అందుకొని ఒళ్లో పెట్టుకుంది. పైన కొంగు కప్పింది. ఆమెకు ఆ లెక్క వచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. ఒక వేలు పట్టుకొని, ఒక కణుపు నొక్కింది.

"ఇక్కడికెల్లి మొదలుపెట్టు," అన్నది. "జల్ది ఒప్పుకోకు."